ఈ వేసవిలో ఆ తాళం తీయండి
(ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ)

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గంలోని అయ్యలకు, అమ్మలకు నమస్కారం.

బరంపురం మొదలుకొని జయపురం దాకా, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలో ఏటా ఉగాది చేస్తున్నారు. పచ్చడి పంచుతారు, పంచాంగం చదివిస్తారు, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తారు. చందాల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగేది మీరే. ఈ జిల్లాల్లో తెలుగు ఇంకా నలుగురి మధ్య నిలబడి ఉందంటే అందులో మీ కష్టం చాలా ఉంది. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉగాది అయిన మర్నాడు హాలుకు తాళం పడుతుంది. మళ్ళీ ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి తీస్తాం. ఈ రెంటికీ మధ్య పిల్లలకు ఏడాది మొత్తం మీద దొరికే తీరిక కాలమంతా వచ్చి వెళ్ళిపోతుంది. నా విన్నపం ఇంతే. వేసవి సెలవులు ఇచ్చిన రోజు నుంచి బడి తెరిచే రోజు వరకు మీ హాలు రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా తెరిచి ఉంచండి. నాలుగు చాపలు, ఒక మంచినీళ్ళ కుండ, ఒక బీరువా నిండా పుస్తకాలు. క్లాసులు వద్దు, ఫీజులు వద్దు. పిల్లలు వస్తారు, చదువుకుంటారు, వెళతారు.

నేను పర్లాకిమిడిలో చిన్న జెరాక్సు షాపు నడుపుతాను. సెలవుల ముందు పిల్లలు నోట్సు కాపీలకు వస్తారు. కరెంటు పోతే మెషీను ఆగుతుంది, వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. అందుకని కౌంటరు మీద నాలుగు బొమ్మల పుస్తకాలు పెట్టి ఉంచుతాను. ఒకరోజు అయిదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా. ఒడియా పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తుంది. ఆ రోజు తెలుగు పుస్తకం తీసింది. మామిడిపండు బొమ్మ కింద ‘పండు’ అని ఉంది. దాన్ని వేలితో పట్టుకుని ‘ప... ఠ... డు’ అంది. ఒడియాలో ‘ఠ’ గుండ్రంగా సున్నాలాగే ఉంటుంది కదా, అది చూసి అలా చదివింది. ‘అది ఠ కాదమ్మా, సున్న. పం అనాలి’ అన్నాను. ‘పండు!’ అని అరిచింది. ఇంక చూడండి, ఆ పుస్తకంలో సున్న ఎక్కడెక్కడ ఉందో వెతకడం మొదలెట్టింది. ఎండ, కుండ, వంట, అంబలి. అన్నీ తనకు తెలిసిన మాటలే, రోజూ నోటితో అనేవే. కాగితం మీద వాటిని చూడడం మాత్రం అదే మొదటిసారి. కరెంటు వచ్చింది, కాపీలు తీసి ఇచ్చాను. ఆ పిల్ల లేవలేదు. ‘ఇంకొకటి ఉందా పిన్నీ?’ అని అడిగింది.

అలాంటి పిల్లలు మన జిల్లాల్లో ఇంటికొకరు ఉన్నారని మీకు నేను చెప్పనక్కర్లేదు. తెలుగు మాధ్యమం బడులు తగ్గిపోయాయి, ఉన్నచోట కూడా పిల్లల్ని ఇంగ్లీషు బడికో ఒడియా బడికో పంపుతున్నాం. అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఉద్యోగం ఇక్కడే, కోర్టు కాగితం ఇక్కడే, ఒడియా రావాలి. నేనూ ఒడియా బడిలోనే చదువుకున్నాను, ఆ భాష అంటే నాకు ప్రాణం. కానీ తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లకు, తన ఇంట్లో మాటలు పుస్తకంలో కనబడితే కలిగే సంతోషం వేరు. ఆ సంతోషం పరీక్షలో మార్కుల వల్ల రాదు. ఎండాకాలం మధ్యాహ్నం పూట, పని లేక, తొందర లేక, ఎవరూ అడగక, దానంతట అది రావాలి.

మనవైపు ఎండాకాలం అనగానే అందరూ వడగాడ్పు సంగతే చెబుతారు. అది నిజమే. ఏప్రిల్లో బడులు పొద్దుటి పూటకి మారుస్తారు, పదకొండు దాటాక వీధిలో మనిషి కనబడడు. కానీ ఇన్ని రుచులు ఇంకే కాలంలో ఉన్నాయో చెప్పండి. పల్లెల నుంచి సైకిలుకి రెండు వైపులా తాటి గెలలు కట్టుకుని వస్తారు. కత్తితో పైన చెక్కి ఇస్తే బొటనవేలు పెట్టి ముంజె లాగుతాం. ఆ నీళ్ళు గడ్డం మీదుగా కారి చొక్కా మీద పడతాయి, పీచు మరక పడిందా ఎన్ని ఉతుకులకీ వదలదు. అమ్మ తిడుతుంది. అయినా మర్నాడు సైకిలు గంట వినబడగానే మళ్ళీ పరుగే. జీడిమామిడి పండు ఉప్పు అద్దుకుని తింటే గొంతు పట్టేస్తుంది, ఆ పట్టడమే బాగుంటుంది. పనసకాయ కోస్తే చేతులకు నూనె రాసుకుని అందరూ చుట్టూ కూర్చుంటాం. తొనలు అయిపోయాక పిక్కలు నిప్పుల్లో వేస్తాం.

పొద్దున్నే తరవాణి. ఒడియా ఇళ్ళల్లో పఖాళ. మార్చి 20న వాళ్ళు పఖాళ దిబస అని పండగలా చేసుకుంటారు. మా ఇంట్లో రాత్రే అన్నం నీళ్ళలో వేసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించిన వడియాలతో తింటాం. పక్కింట్లో దానికి తోడు బడి చూరా, అంటే వడియాలు నలిపి చేసే పొడి. గిన్నెలు ఇటూ అటూ మారతాయి. ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతి వస్తుంది. మారేడు గుజ్జు, బెల్లం, కొబ్బరి కోరు, మిరియం కలిపిన పానకం లోటాల్లో పంచుతారు. తులసికోట పైన అడుగున చిల్లు పెట్టిన కుండ వేలాడదీస్తారు. దాంట్లోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు మొక్క మీద పడుతూ ఉంటాయి. మా వీధిలో తెలుగిళ్ళవాళ్ళూ కడతారు. ఇది మనదా వాళ్ళదా అని ఏ పిల్లవాడూ అడగగా నేను వినలేదు.

సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లితే లేచే మట్టి వాసన, మహేంద్రతనయ ఏరు ఎండి ఇసుక తేలిన చోట పిల్లల ఆటలు, మల్లెపూల గంపలు. మే నెలలో ఒక్కోరోజు నాలుగు గంటలకే ఆకాశం నల్లబడి కాలబైశాఖి విరుచుకుపడుతుంది. రేకులు ఎగిరిపోతాయేమోనని పెద్దవాళ్ళ భయం. పిల్లలకు మాత్రం మామిడి చెట్ల కింద రాలిన కాయల మీదే ధ్యాస. గాలివాన తగ్గాక వచ్చే చల్లదనంలో డాబా మీద చాప వేసుకుని కూర్చుంటే ఆ రోజు పడిన ఉక్కపోత అంతా మరిచిపోతాం.

వీటన్నిటి మధ్యా ఒక ఖాళీ ఉంటుంది. అన్నం తిన్నాక, తలుపులు మూసి, ఎండ తగ్గేదాకా ఉండే మూడు నాలుగు గంటలు. నా చిన్నప్పుడు ఆ వేళ చదువుకే సరిపోయేది. చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని, మోచేతులు ఎర్రబడేదాకా చదివేవాళ్ళం. మా అమ్మకు చందమామ అంటే ఇష్టం. 1947లో మొదలైన పత్రిక, ఆవిడకు పుట్టింటి సామానుతో పాటు వచ్చిన పాత ప్రతులు పెట్టె నిండా ఉండేవి. పక్కింటి ఒడియా పిన్ని, మావుసీ అనేవాళ్ళం, ఆవిడ ఇంట్లో జహ్నమాము వచ్చేది. అదే పత్రిక ఒడియాలో. అవే బొమ్మలు, అదే బేతాళుడు, అదే చెట్టు. మేం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళం. ఒకరికి అడ్డుపడిన మాట ఇంకొకరు చెప్పేవారు. మాకు తెలియకుండానే రెండు లిపులూ చేతికి వచ్చేశాయి. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఇప్పుడా పత్రిక లేదు. ఆ ఖాళీ వేళలో ఫోను వచ్చి కూర్చుంది. ఫోనును ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఎండలో బయటికి పంపలేం, ఇంట్లో పుస్తకం లేదు, పిల్లలు ఏం చేస్తారు పాపం.

అందుకే మీ హాలు అడుగుతున్నాను. ఇల్లు ఇరుకైన పిల్లలకు అది చల్లని చోటు అవుతుంది. బరంపురంలో మగ్గం ఉన్న ఇంటి పిల్లకు మధ్యాహ్నం కాళ్ళు చాపుకునే జాగా ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఒక పుస్తకం నలుగురిదవుతుంది.

పుస్తకాలు ఎక్కడివి అని మీరు అడుగుతారు. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ఉన్నాయి. ఒకే బొమ్మల కథను చాలా భారతీయ భాషల్లో వేస్తారు. అదే పుస్తకం తెలుగుదొకటి, ఒడియాదొకటి కొని పక్కపక్కన పెట్టండి. మేం చందమామతో చేసినదే ఇప్పటి పిల్లలూ చేస్తారు. ఒడియా చదవడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడడానికి దీని కంటే మంచి దారి నాకు తెలియదు. తెలుగు పిల్లలే రావాలని కూడా లేదు. ఒడియా పిల్లలు వచ్చి తెలుగు పుస్తకం తిరగేస్తే మనకు ఇంకా ఆనందం. సికింద్రాబాదులో మంచి పుస్తకం అనే సంస్థ పిల్లల కోసం తక్కువ ధరకే పుస్తకాలు వేస్తోంది. విజయవాడలో జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, మీలో ఎవరో ఒకరు ఆ వైపు వెళతారు, రెండు సంచులు నింపుకుని రండి.

డబ్బు మరీ తక్కువైతే ఇంకో దారి ఉంది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అని మొదలుపెట్టారు. అందులో తెలుగు, ఒడియా బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. దించుకుని అచ్చు తీసుకోవడానికి వాళ్ళే అనుమతి ఇచ్చారు. ఆ పని నాకు వదిలేయండి. కాగితం ఖర్చు మీరు పెట్టుకోండి, అచ్చు తీసి, మధ్యలో పిన్ను కొట్టి, అట్ట వేసి మీ హాలుకు పంపిస్తాను. పర్లాకిమిడి హాలుకే కాదు, గుణుపురం, రాయగడ ఎవరడిగినా ఇస్తాను. గుణుపురం రైలు ఉండనే ఉంది, మూట కట్టి తెలిసినవాళ్ళ చేత పంపవచ్చు.

పిల్లలవే కాక పెద్దల పుస్తకాలూ ఒక అర నిండా పెట్టండి. రిటైరైన వాళ్ళు ఇంట్లో ఫ్యాను కింద కూర్చోలేక అరుగుల మీద పొద్దు పుచ్చుతున్నారు. ఆడవాళ్ళకు ఆవకాయ పనులు అయ్యాక ఒక గంట దొరుకుతుంది, ఆ గంటకు పుస్తకం కావాలి. శ్రీకాకుళం నుంచి చుట్టాలు వచ్చేటప్పుడు తెచ్చే వారపత్రికలు ఒకరి నుంచి ఒకరికి మారి చినిగేదాకా తిరుగుతాయి మా వీధిలో. చదివే ఆశ చావలేదు. దగ్గరలో దొరికే చోటే లేదు.

శ్రీకాకుళం అన్నాను కదా. కథానిలయం మనకు తెలిసిందే. కాళీపట్నం రామారావు మాస్టారు బడిపంతులుగా పనిచేసి రిటైరైనవారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని 1997లో ఆ ఇల్లు కట్టించారు. ఒక పంతులు గారు తలచుకుంటే అంత పని జరిగింది. మనది సంఘం, వెనక ఊరు ఉంది. నేనడిగేది అంత పెద్ద పనీ కాదు. ఇంకా వెనక్కి వెళితే, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. 1930లలో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళ వెంట తిప్పించారు. రేవులో పడవ ఆగితే జనం వచ్చి పుస్తకం తీసుకెళ్ళేవారు. ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర మన కంటే ఎక్కువ డబ్బేం లేదు.

గిడుగు వారి సంగతి కూడా ఒకమాట చెప్పనివ్వండి. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. కొండల మీద నుంచి సంతకు దిగే సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు విషయంలోనూ ఆయన పోరాటమంతా చదివేవాడికి అర్థమయ్యే భాషలో పుస్తకం ఉండాలనే కదా. ఆయన పటానికి దండ వేస్తాం, మంచిదే, వేయాలి. ఆయన జీవితమంతా చేసిన పని మాత్రం పిల్లవాడి చేతిలో వాడికి తెలిసిన మాటలున్న పుస్తకం పెట్టడం. ఆయన తిరిగిన ఊళ్ళో ఆ పని వేసవిలో రెండు నెలలైనా జరగకపోతే నాకు మనసు ఊరుకోవడం లేదు. వీలైతే బీరువాలో సవర పుస్తకాలకూ ఒక అర ఇవ్వండి. సంతకు వచ్చే వాళ్ళ పిల్లలూ మన హాలు ముందు నుంచే నడుస్తారు.

మీరు చెప్పబోయే ఇబ్బందులు కొన్ని నాకు తెలుసు. పుస్తకాలు పోతాయంటారు. పోతాయి. కొన్ని చినుగుతాయి, కొన్నింటికి పనస జిగురు అంటుతుంది, కొన్ని ఇంటికి వెళ్ళి రావు. రాని పుస్తకం ఏదో ఒక ఇంట్లో ఉంటుంది, అక్కడ ఎవరో ఒకరు చదువుతారు. అందుకోసం బీరువాకు తాళం వేసి పిల్లలు చూస్తూ ఉండేలా మాత్రం పెట్టకండి. అలాంటి బీరువాలు నేను చూశాను. అద్దం వెనక పుస్తకాలు పసుపుపచ్చగా మారి, పురుగు పట్టి, ఏ చేయీ తగలకుండానే పొడి అయిపోయాయి.

చూసుకునే మనిషి ఎవరని అడుగుతారు. కాలేజీ పిల్లలకూ సెలవులే. ఇద్దరు ముగ్గురిని వంతులు వేసుకోమనండి, చిన్న పారితోషికం ఇవ్వండి. వాళ్ళ పని కుండలో నీళ్ళు నింపడం, చిన్నపిల్ల అడిగితే మాట చెప్పడం, అంతవరకే. దయచేసి పోటీలు పెట్టకండి. వేగంగా చదివినవారికి బహుమతి, ఎక్కువ పుస్తకాలు చదివినవారికి షీల్డు అన్నామంటే మర్నాటి నుంచి నెమ్మదిగా చదివే పిల్ల రావడం మానేస్తుంది. ఆ ‘ఠ’ అన్న పిల్ల అందరి ముందూ అలా చదివి ఉంటే నవ్వేవారు, రెండోసారి పుస్తకం ముట్టేది కాదు. సగం చదివి వదిలేసినా, బొమ్మలు మాత్రమే చూసినా, పుస్తకం మొహాన కప్పుకుని నిద్రపోయినా ఏమీ అనకండి. వేసవిలో చదువు ముంజె తిన్నట్టు ఉండాలి.

ఇంకో చిన్న మాట. ఆదివారం సాయంత్రం ఒక గంట పెద్దవాళ్ళెవరైనా పైకి చదివి వినిపిస్తే బాగుంటుంది. ఉపన్యాసం కాదు, కథ. అమ్మమ్మలను పిలవండి, వాళ్ళకు చదవడం రాకపోయినా చెప్పడం వచ్చు. బరంపురంలో రెండేళ్ళకోసారి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర జరిగే ఏడు ఊరి నిండా చుట్టాలే, చుట్టాల పిల్లలే. వాళ్ళ కోసమైనా హాలు రాత్రి కాసేపు ఎక్కువ తెరవండి.

ఖర్చు సంగతి మీరే లెక్క వేసుకోండి. చాపలు, కుండ సంతలో దొరుకుతాయి. ఫ్యాన్లు హాలులో ఉన్నవే. మొదటి ఏడు బీరువా లేకపోతే బల్ల మీద పరిచినా సరిపోతుంది. వచ్చే ఉగాదికి వేదిక అలంకారం కొంచెం తగ్గించి ఆ సొమ్ము పుస్తకాలకు ఇమ్మని నేను అడిగితే మీరు కోప్పడరని నమ్ముతున్నాను. చందా ఇచ్చేవాళ్ళలో మా వీధివాళ్ళం కొందరం ఇప్పటికే మాట్లాడుకున్నాం, పుస్తకాల కోసమని అడిగితే విడిగా ఇస్తామన్నారు.

అక్షయ తృతీయ లోపు కార్యవర్గం ఒకసారి కూర్చుని ఈ విషయం తేల్చండి. ఒప్పుకుంటే రెండు సంగతులు ముందే రాసి హాలు తలుపు మీద అంటించండి: ఏ వేళకు తెరుస్తారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది. తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. ఆ కాగితం నేనే అచ్చు వేసి ఇస్తాను, దానికి డబ్బు వద్దు.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి
జెరాక్సు షాపు నడుపుకునే మీ ఊరి ఆడపడుచు